కందిరీగలు కుట్టి పోయిన ప్రాణం తలరాత కాదు

వానాకాలం పంట చేతికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పత్తి ఏరాలి, వరి కోయాలి, మక్క కంకులు విరవాలి. సరిగ్గా ఇదే సమయానికి చేల గట్ల మీద, బావుల కాడ, పశువుల కొట్టాల్లో, ఇంటి చూరుల కింద కందిరీగల గూళ్లు కూడా నిండుగా పెరిగి ఉంటాయి. తొలకరిలో నిమ్మకాయంత ఉన్న గూడు దసరా నాటికి కుండంత అవుతుంది. ఏటా ఈ కాలంలో పేపరు తిరగేస్తే ఏదో ఒక మూల చిన్న వార్త కనబడుతుంది. కందిరీగల దాడిలో రైతు మృతి అనో, కూలీలపై తేనెటీగల దాడి, పలువురికి అస్వస్థత అనో నాలుగు వరుసలు ఉంటాయి. చదివి ‘పాపం, వాని టైం బాగలేదు’ అనుకొని మనం పనుల్లో పడిపోతాం.

ఆ మాటను మార్చుకోవాలన్నది మా అభిప్రాయం. పాముకాటును, పిడుగుపాటును, మోటరు కాడ కరెంటు షాకును వ్యవసాయంలో పొంచి ఉన్న ప్రమాదాలుగా మనం ఎప్పుడో గుర్తించాం. వాటి మీద కొట్లాడాం, కొంత సాధించుకున్నాం. కందిరీగ, తేనెటీగల దాడి కూడా అలాంటి ప్రమాదమే. పొలంలో పనిచేసేవాళ్లు, చెట్టెక్కేవాళ్లు, పశువులు మేపేవాళ్లే ఎక్కువగా దీనికి బలవుతున్నారు. ఇది పని ప్రమాదం అనుకున్నప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. ప్రమాదం జరగకుండా మనం ఏం చేయాలి? జరిగితే ప్రభుత్వం ఏం చేయాలి? మొదటిదే చెప్పి ఊరుకుంటే తప్పంతా రైతు మీదికి నెట్టినట్టు అవుతుంది. రెండోదే అడుగుతూ కూర్చుంటే జీవో వచ్చేలోపు ఇంకో ఇంట్లో దీపం ఆరిపోతుంది. అందుకే రెండూ ఇక్కడ రాస్తున్నాం.

ఏ గూడు ఏమిటో తెలుసుకుందాం

మన ఊళ్లలో అన్నింటినీ కలిపి కందిరీగలు, తేనెటీగలు అనేస్తాం. వాటి తీరులు వేరు, ప్రమాదం వేరు. గూటిని చూసి పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

స్టార్టర్ డబ్బాలో, కిటికీ రెక్క వెనక, రేకుల కింద చిన్న గొడుగు బోర్లించినట్టు ఒక కాడకు వేలాడేది చిన్న కందిరీగల గూడు. దానికి పై కప్పు ఉండదు, గదులు బయటికే కనబడతాయి. అందులో పదుల సంఖ్యలో ఈగలుంటాయి. చెయ్యి తగిలితే కుడతాయి గానీ మన జోలికి వాటంతట అవి రావు.

చెట్టుకొమ్మకో, ఇంటి చూరుకో బూడిదరంగు కాగితంతో చుట్టిన కుండలా ఉండి, లోపలికి పోవడానికి ఒక్క రంధ్రమే ఉంటే అది పెద్ద కందిరీగల గూడు. ఒళ్లు ఎర్రగోధుమ రంగులో ఉండి, పొట్ట మీద పసుపు పట్టీ ఉంటుంది. వీటిలో కొన్ని రకాలు చెట్టు మీద కాకుండా గోడ సందుల్లో, చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో, నేల బొరియల్లో కాపురం పెడతాయి. అవి మరీ ప్రమాదం, ఎందుకంటే గూడు కంటికి కనబడదు. నాగలికో, గడ్డపారకో, కాలికో తగిలాకే తెలుస్తుంది. బాగా పెరిగిన గూట్లో వందల ఈగలుంటాయి.

మర్రిచెట్టుకు, నీళ్ల ట్యాంకుకు, బడి భవనానికి నల్ల గొంగడి ఆరేసినట్టు ఒకే పెద్ద పట్టు వేలాడితే అది పెద్ద తేనెటీగలది. వేల ఈగలు దాని మీద పొరలు పొరలుగా కప్పుకొని ఉంటాయి. కింద నడిచినంత మాత్రాన ఏమీ అనవు. డేగ తన్నినా, కోతులు కొమ్మ ఊపినా, ఎవరో రాయి విసిరినా లేచి కింద ఉన్న అందరి మీదా పడతాయి. చేసింది కోతి, అనుభవించేది దారిన పోయే మనిషి.

గోడ మూలన మట్టి ముద్దలా గూడు కట్టే సన్న నడుము ఈగ ఒకటుంది. అది ఒంటరిది, గుంపుగా దాడి చేయదు. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

ఇంకో తేడా కూడా తెలిసుండాలి. తేనెటీగ కుట్టినప్పుడు దాని ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది, ఆ ఈగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది. ఒక్కటే ఎన్నిసార్లయినా కుట్టగలదు. రెండింటిలోనూ ఒక ఈగ కుట్టిందంటే ఆ వాసనకు మిగతావి కూడా అదే మనిషి మీదికి వస్తాయి. ఒక్కటి కుట్టగానే అక్కడ నిలబడి చేతులు విసరొద్దని చెప్పేది అందుకే.

గూడు కనబడగానే చేయాల్సింది

మొదటి మాట: కనబడ్డ ప్రతి గూటినీ తీసేయాల్సిన పని లేదు. కందిరీగలు తమ పిల్లలకు మేతగా చేలలోని పురుగులను పట్టుకుపోతాయి. ఆకులు తినే పచ్చపురుగులను ఏరి తినే జీవి మనకు శత్రువు కాదు. తేనెటీగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దుతిరుగుడు గింజ కట్టాలన్నా, తీగజాతి కూరగాయలు కాయాలన్నా అది పువ్వు మీద వాలాలి. మనుషులు, పశువులు తిరగని చోట, ఎత్తయిన చెట్టు మీద గూడుంటే దాన్ని దాని మానాన వదిలేయడమే తెలివైన పని. కందిరీగల కాపురం కొన్ని నెలలే. ఖాళీ అయిన పాత గూట్లోకి అవి సాధారణంగా మళ్లీ రావు.

ఇంటి గుమ్మం దగ్గర, కొట్టంలో, మోటరు కాడ, బడి దారిలో ఉంటే మాత్రం ఊరుకోకూడదు. ముందుగా ఆ వైపు రాకపోకలు ఆపాలి. నాలుగు కట్టెలు పాతి తాడు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీయాలి. పిల్లలకు చెప్పాలి. కూలికి వచ్చేవాళ్లకు పని మొదలుపెట్టకముందే చెప్పాలి. పక్క చేనువాళ్లకు, ట్రాక్టరు డ్రైవరుకు, కోత మిషన్ నడిపే పిల్లగానికి కూడా చెప్పాలి. ఇంజను చప్పుడుకు, నేల అదురుకు గూడు కదులుతుంది. మిషన్ మీద ఉన్నవాడు దాటిపోతాడు, వెనక గడ్డి తీసేవాళ్ల మీద పడతాయి. పశువులను ఆ కొట్టం నుంచి తప్పించి వేరే చోట కట్టేయాలి. కట్టుగొయ్యకు ఉన్న ఎద్దు పారిపోలేదు.

అసలు గూడు పెరగకుండా చూసుకోవడం అన్నింటికన్నా తేలిక. తొలకరి నుంచి వారానికొకసారి చూరు కింద, స్టార్టర్ డబ్బాలో, గేటు పైపుల్లో, ఆపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీ కింద కళ్లు పెట్టి చూడాలి. మొదట్లో గూడు నిమ్మకాయంత ఉండి ఒకటి రెండు ఈగలే తిరుగుతుంటాయి. నిండా బట్టలు కట్టుకొని, ముఖానికి తువ్వాలు చుట్టుకొని, పొద్దుగూకే వేళ పొడవాటి కట్టెతో తట్టి పడేస్తే అక్కడితో ఆగుతుంది. అది కూడా మునుపు ఈగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లు చేయకూడదు. గోడ రంధ్రాలను, ఖాళీ పైపులను ఎండాకాలంలోనే మట్టితోనో సిమెంటుతోనో మూసేసుకోవాలి. ఈగలు తిరుగుతున్న రంధ్రాన్ని మాత్రం మూయొద్దు. బయటికి దారి లేకపోతే అవి తొలుచుకుంటూ ఇంటి లోపలికే వస్తాయి.

కాగడా, పెట్రోలు, పురుగుమందు వద్దు

గూడు పెద్దదైతే మన ఊళ్లలో చేసేది మనందరికీ తెలుసు. రాత్రి పూట పొడవాటి కట్టెకు గుడ్డ చుట్టి, కిరోసిన్ పోసి అంటిస్తారు. చీకట్లో ఈగలు ఎగరవని ఒక నమ్మకం. నిజానికి గూడు కదిలితే కందిరీగలు రాత్రిపూట కూడా వెలుగు ఉన్న దిక్కుకే వస్తాయి. ఆ వెలుగు కాగడా పట్టుకున్నవాడి చేతిలోనో, టార్చిలైటు పట్టుకున్నవాడి చేతిలోనో ఉంటుంది. నిచ్చెన మీద ఉన్నవాడు కుట్టించుకోవడం కన్నా కింద పడి నడుం విరగ్గొట్టుకోవడమే పెద్ద ప్రమాదం. నిప్పు గడ్డివాము మీద పడితే ఏడాదంతా పశువుల మేత బూడిదే.

పొగ పెడితే పోతాయని ఇంకో మాట. పొగకు తేనెటీగలు కొంత సద్దుమణుగుతాయి. తేనె తీసేవాళ్లు పొగ వాడేది అందుకే. కందిరీగల దగ్గర ఆ ఉపాయం నమ్మదగింది కాదు, పొగకు అవి ఇంకా రేగవచ్చు. నేల బొరియలో పెట్రోలు పోసి అంటించడం మరీ మూర్ఖత్వం. మోటరు షెడ్డులో ఆ పని చేస్తే మోటరు, మనిషి రెండూ పోతాయి.

పత్తికి కొట్టగా మిగిలిన మందును గూటి మీద కొట్టేవాళ్లూ ఉన్నారు. చేలో కొట్టే మందు చూరు కింద కొడితే మన ముఖం మీదే పడుతుంది. ఆ కిందే నీళ్ల కుండలు, పసిపిల్లల ఉయ్యాల ఉంటాయి. తేనెపట్టు మీద కొడితే ఆ తేనె తెలియక ఎవరో తింటారు. ఇళ్లలో ఈ పనికి వాడే డైక్లోరోవాస్ మందును 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో పూర్తిగా నిషేధించారు. ఎవరి దగ్గరైనా పాత సీసా ఉంటే దాన్ని బయటికి తీయొద్దు.

పెద్ద గూటిని తీయడం ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు వేసుకున్న, పని తెలిసిన మనుషులు చేయాల్సిన పని. ఆ మనుషులు, ఆ దుస్తులు మండలంలో ఎక్కడున్నాయన్నదే ప్రశ్న. దాని గురించి కింద రాస్తాం.

మీద పడితే ఏం చేయాలి

పరుగెత్తాలి. తలను, ముఖాన్ని, ముఖ్యంగా కళ్లను, నోటిని తువ్వాలుతోనో కొంగుతోనో కప్పుకొని తిన్నగా ఇంట్లోకో, తలుపులున్న బండిలోకో పోయి తలుపులు మూసుకోవాలి. దగ్గర్లో ఇల్లు లేకపోతే ఆగకుండా దూరం పోవాలి. చేతులు ఊపడం, చెట్టు కింద నక్కి కూర్చోవడం వద్దు. నేల మీద పడుకుంటే వదిలేస్తాయన్నది నిజం కాదు.

బావిలోకో, చెరువులోకో దూకడం మన దగ్గర అలవాటు. తల బయట పెట్టిన ప్రతిసారీ ఈగలు అక్కడే ఉంటాయి. ఈత వచ్చినవాళ్లు కూడా నొప్పితో, భయంతో మునిగిపోతారు. ఆ పని చేయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

దూరం వచ్చాక తేనెటీగ ముళ్లుంటే గోటితోనో, గీకో, ఎలాగైనా సరే తొందరగా తీసేయాలి. ఆలస్యమైన కొద్దీ విషం లోపలికి దిగుతుంది. ఉంగరాలు, గాజులు, కాళ్ల పట్టీలు వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక రావు. సబ్బు నీళ్లతో కడిగి, చల్లటి నీళ్ల గుడ్డ వేయాలి. సున్నం రాయడం, ఇనుము రుద్దడం, ఉల్లిగడ్డ పెట్టడం మన పెద్దల నుంచి వచ్చిన అలవాట్లు. ఒకటి రెండు చోట్ల కుట్టి, వాపు అక్కడికే ఉంటే వాటితో గడిచిపోవచ్చు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాటి కోసం వెతుకుతూ గడిపే అరగంటే మనిషిని మనకు కాకుండా చేస్తుంది.

ప్రాణం మీదికి వచ్చిందని ఎలా తెలుస్తుంది? కుట్టిన చోటుకు దూరంగా ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదాలు, నాలుక, కళ్లు ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం. వీటిలో ఏది కనబడినా అది అలర్జీ ముదురుతున్న లెక్క. ఒక్క ఈగ కుట్టినా ఇది రావచ్చు. నిమిషాల్లో ముంచుకొస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని నడిపించొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఆయాసంగా ఉంటే ఆనించి కూర్చోబెట్టాలి. అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే ఊళ్లో ఉన్న బండిలోనే తీసుకుపోవాలి.

రెండో రకం ప్రమాదం మెల్లగా వస్తుంది. పదుల సంఖ్యలో పెద్ద కందిరీగలు కుట్టినప్పుడు అలర్జీ రాకపోయినా ఆ విషం కండరాలను, రక్తకణాలను దెబ్బతీసి మూత్రపిండాలను ఆపేస్తుంది. మనిషి మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనబడతాడు. తర్వాత మూత్రం నల్లటీ రంగులోకి మారుతుంది, తగ్గిపోతుంది. అందుకే ఎక్కువ ఈగలు కుట్టిన మనిషిని సూది వేయించి ఇంటికి తెచ్చుకోవద్దు. ఒకటి రెండు రోజులు దవాఖానలో ఉంచి రక్తం, మూత్రం పరీక్షలు చేయించాలి. అవసరమైతే డయాలసిస్ చేసే చోటికి పంపాలి. పసిపిల్లలు, ముసలివాళ్ల విషయంలో తక్కువ ఈగలు కుట్టినా ఇదే జాగ్రత్త పాటించాలి.

దవాఖానలో ఉండాల్సిన ఒక్క మందు

ఇక్కడి నుంచి మన చేతుల్లో లేనిది మొదలవుతుంది. పాముకాటుకు ఉన్నట్టు కందిరీగ విషానికి విరుగుడు మందు మన దవాఖానల్లో లేదు. కానీ అలర్జీతో మనిషి కూలిపోతున్నప్పుడు నిలబెట్టే మందు ఉంది. దాని పేరు అడ్రినలిన్. తొడ కండరానికి ఇచ్చే ఇంజక్షన్. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది, ఖరీదైనది కాదు. మన దగ్గర ఊరి వైద్యుడి దగ్గరికి పోతే సాధారణంగా అవిల్, డెక్సా ఇస్తారు. అవి దురదను, వాపును తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును, పడిపోతున్న బీపీని నిలబెట్టడానికి ముందు పడాల్సింది అడ్రినలినే. మిగతావి దాని తర్వాత. ఈ ఒక్క సంగతి ప్రతి ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. దవాఖానకు పోగానే ‘అడ్రినలిన్ ఉందా’ అని అడగగలగాలి.

మా మండలంలో నిరుటి వానాకాలం జరిగింది చెబుతాం. ఆరెకరాలు కౌలుకు చేస్తున్న రైతు ఒకాయన మడవ కట్టడానికి పోయి గట్టు పొదలో ఉన్న గూటిని తెలియక తొక్కాడు. పక్క చేనువాళ్లు ఎత్తుకొచ్చేసరికి ముఖం ఉబ్బిపోయింది. దగ్గరి దవాఖానకు తీసుకుపోతే సాయంత్రం కావడంతో డాక్టరు లేడు. ఉన్న సిబ్బంది నొప్పికి సూది వేసి పట్నం తీసుకుపొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. అది ఎవరో ఒకరి చెడ్డతనం అని మేము అనడం లేదు. సూది ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో రాసిన కాగితం అక్కడి గోడ మీద లేదు. డాక్టరు లేనప్పుడు నర్సు ఏం చేయాలన్న ఆదేశం లేదు. లోపం మనుషులది మాత్రమే కాదు, ఏర్పాటుది.

ఆ తర్వాత జరిగింది కూడా అంతే బాధాకరం. ఆయన పేరు మీద భూమి లేదు కనుక రైతుబీమా రాలేదు. పోస్టుమార్టం చేయిస్తే శవాన్ని కోస్తారని ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. పోలీసు కాగితం లేదు. బ్యాంకు ఖాతాలో ప్రమాద బీమా కట్టి ఉన్నా ప్రమాదం అని చూపించే ఆధారం లేకపోయింది. భార్య, ఇద్దరు పిల్లలు, కౌలు బాకీ మిగిలాయి.

కాగితం లేకపోతే హక్కు లేదు

అందుకే ఈ విషయాలు దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని చేయించాలి. ఆ బాధ్యత మన సంఘం గ్రామ కమిటీది.

ప్రమాదంలో గానీ, జంతువు వల్ల గానీ మనిషి చనిపోతే పోలీసులు పంచనామా చేయాలని చట్టం చెబుతోంది. పాత సీఆర్‌పీసీలో అది 174వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షను. కాబట్టి ఠాణాలో దరఖాస్తు ఇచ్చి పంచనామా, పోస్టుమార్టం చేయించుకోవాలి. దవాఖాన చీటీలో ‘కందిరీగలు కుట్టడం వల్ల’ అని రాయించుకోవాలి. ‘గుండె ఆగి’ అని మాత్రమే రాస్తే ప్రమాదం మాయమైపోతుంది.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. పాముకాటు, చెట్టు మీద నుంచి పడడం లాంటివాటికి వెంటనే చేరిన దవాఖాన రికార్డు ఆధారం కావాలని ఆ పథకం చెబుతోంది. మన విషయంలోనూ ఆ రికార్డే ప్రాణం. బ్యాంకు పాసుపుస్తకం తీసి ఆ 20 రూపాయలు కోత పడ్డాయో లేదో ఈ వారమే చూసుకోండి.

రైతుబీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే. కానీ గట్టు మీద గడ్డి కోసేది, నీళ్లు పారించేది, పొదలు కొట్టేది ఎక్కువగా కౌలు రైతు, కూలి మనిషి, అరవై దాటిన తండ్రి. కందిరీగ పాసుపుస్తకం చూసి కుట్టదు. బీమా మాత్రం పాసుపుస్తకం చూసే ఇస్తున్నారు.

ఉపాధి పనుల్లో కాలువ గట్లు, చెరువు పొదలు కొట్టేటప్పుడు గుంపుకు గుంపు మీద దాడులు జరుగుతుంటాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులో పని స్థలంలో ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, పనిలో గాయపడితే ఉచిత వైద్యం అందించాలని, దవాఖానలో చేరితే కూలిలో సగానికి తగ్గకుండా రోజు భత్యం ఇవ్వాలని, చనిపోతే పరిహారం ఇవ్వాలని రాశారు. చట్టాల పేర్లు మారవచ్చు, ఆ హక్కులు ఊడిపోకుండా చూసుకోవాల్సింది మనమే.

మా డిమాండ్లు

ఒకటి: కందిరీగ, తేనెటీగల దాడిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించాలి. రాష్ట్ర విపత్తు నిధిలో 10 శాతం దాకా రాష్ట్రం సొంతంగా గుర్తించిన విపత్తులకు ఖర్చు పెట్టుకునే వీలుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను అలాగే గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. కేరళలో కందిరీగ, తేనెటీగ దాడుల్లో చనిపోయినవారికీ పరిహారం ఇచ్చే నిబంధన తెచ్చుకున్నారు. అక్కడ వీలైనది ఇక్కడ ఎందుకు వీలు కాదు?

రెండు: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో, 108 బండిలో అడ్రినలిన్ ఎప్పుడూ ఉండాలి. గడువు తేదీ నెలనెలా చూడాలి. డాక్టరు లేని వేళ నర్సు, ఏఎన్ఎం ఆ సూది వేయడానికి శిక్షణ, రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి.

మూడు: ప్రతి అగ్నిమాపక కేంద్రానికి రక్షణ దుస్తులు ఇచ్చి, ఇళ్లు, బళ్లు, అంగన్‌వాడీల దగ్గర గూళ్లు తీయడం వాళ్ల విధుల్లో చేర్చాలి. కేంద్రం దూరంగా ఉన్న మండలాల్లో ఇద్దరు ముగ్గురు యువకులకు శిక్షణ ఇచ్చి, దుస్తులిచ్చి, పనికి తగ్గ కూలి ఇవ్వాలి. తేనె తీయడంలో తరతరాల నేర్పున్న చెంచుల లాంటి గిరిజనుల అనుభవాన్ని తేనెపట్ల విషయంలో వాడుకోవాలి, దానికి డబ్బు కట్టివ్వాలి.

నాలుగు: రైతుబీమాను కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు, 60 దాటినవాళ్లకు వర్తింపజేయాలి. ఇది పాత డిమాండే. ప్రతి కొత్త చావూ దాన్ని గుర్తుచేస్తూనే ఉంది.

ఐదు: ఎందరు కుట్టించుకున్నారు, ఎందరు చనిపోయారన్న లెక్క మండలం వారీగా రాయాలి. పాముకాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయించాలని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను కోరింది. లెక్క లేని చోట మందు రాదు, డబ్బు రాదు.

మన కమిటీలు చేయాల్సింది

ప్రభుత్వం కదిలేదాకా కూర్చోకుండా, ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో నాలుగు పనులు పెట్టుకోండి. ఊళ్లో, చేల దారుల్లో ఉన్న గూళ్లు ఎక్కడెక్కడో రాసుకొని పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి మీ ఆరోగ్య కేంద్రానికి పోయి అడ్రినలిన్ ఉందా, రాత్రి పూట ఎవరు ఉంటారని మర్యాదగా అడిగి రాసుకోండి. ఆశా కార్యకర్తను సమావేశానికి పిలిచి ప్రమాద లక్షణాలు అందరికీ చెప్పించండి. గడిచిన మూడేళ్లలో మీ ఊళ్లో ఈ ప్రమాదాలు ఎన్ని జరిగాయో, ఆ కుటుంబాలకు ఏం అందిందో రాసి మండల కమిటీకి పంపండి. ఆ వివరాలన్నీ కలిపి జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలని జిల్లా కమిటీని కోరుతున్నాం.

కరెంటు షాకుతో రైతు చనిపోతే ఒకప్పుడు ‘చూసుకోలేదు’ అని వాడినే అన్నారు. సంఘాలు రోడ్డెక్కాకే అది శాఖ బాధ్యత అని ఒప్పుకున్నారు. కందిరీగల విషయంలోనూ ఆ మార్పు తేవాల్సింది మనమే. కోతలు మొదలయ్యేలోపు మీ చేల గట్లు ఒకసారి చూసుకోండి, కూలీలకు చెప్పండి, మీ ఊరి వివరాలు వచ్చే నెల పదో తారీకులోపు మండల కమిటీకి అందేలా చూడండి.